ఎవరిదీ కాని గిన్నె

షేక్ దాద్‌బేహ్ నది మీద నడిచాడని
దర్గా దగ్గర యాత్రికులకు చెబుతుంటారు.
మా ఖార్‌దిహ్ చుట్టూ నాలుగు రోజులు నడిచినా
నది అన్నదే తగలదు.
ఆయన తిరిగింది నేల అడుగున.
నడవలేదు కూడా, పాకాడు,
గునపం ముందు, గడ్డం వెనక.

కారేజు తవ్వేవాళ్లు తెల్లబట్టలే కడతారు,
మన్ను కూలితే మళ్లీ కఫన్ వెతకక్కర్లేదని.
ఆయన ఖిర్ఖా అదే.
మోకాళ్ల దగ్గర రెండు మాసికలు.
ఆ మాసికలు వేసింది ఆయన భార్య మాహ్‌సితి.
ఆయన మహిమలు రాసినవాళ్లెవరూ
ఆమె పేరు రాయలేదు,
నేను చెబుతున్నాను.

చేతిలో ఆముదపు ప్రమిద.
దీపం నిలిస్తే ముందుకు,
దీపం తల వాల్చితే వెనక్కి.
ఇంతకు మించిన జిక్ర్
ఆయన నేర్పగా విన్నవాళ్లు లేరు.

నిషాపూర్ నుంచి ఓ పండితుడొచ్చాడట,
నలభై ఒంటెల మీద పుస్తకాలతో.
(ఒక గాడిద అయ్యుంటుంది.)
"నన్ను దారిలో పెట్టండి" అన్నాడు.
షేక్ అతని చేతికి గిలక తాడిచ్చి
బావిలోకి దిగిపోయాడు.
మూడేళ్లు మట్టి తోడాడు పండితుడు.
అరచేతులు కాయలు కాచి, కాయలు పగిలి,
ఒకనాడు అంచున వంగి అరిచాడు:
"అయ్యా, ఉపదేశం ఎప్పుడు?"
కిందనుంచి, చాలా కిందనుంచి:
"తాడు వదలకు. నేనింకా లోపలే ఉన్నాను."

ఇదొక్కటీ నిజమని నా నమ్మకం.
అది ఉపదేశమో, ప్రాణభయమో
తాడు పట్టినవాడికే తెలియాలి.

సొరంగం కూలి పోయాడంటారు. కాదు.
మంచం మీద పోయాడు, పళ్లన్నీ ఊడి,
నడి చలికాలంలో మల్బరీ పళ్లు అడుగుతూ.
నీలిపలకల గుమ్మటం ఆ తర్వాతెప్పుడో
పాపం చేసిన అమీరెవరో కట్టించాడు.
షేక్ వదిలిన ఆస్తి ఒక రాగి గిన్నె,
అడుగున సూదిబెజ్జం.
నీళ్లమీద తేలుతుంది, నిండుతుంది, మునుగుతుంది.
మునిగేటంతసేపు ఒక పొలం వంతు.
గురువారం రాత్రి ఆఖరి గిన్నె మాత్రం
ఎవరిదీ కాదన్నాడు.
పొలం లేనివాడిది, దారి తప్పినవాడిది,
పేరు తెలియని దాహానిది.
కాలవని ఎడారి వైపు తిప్పమన్నాడు.

ఏడొందల ఏళ్లుగా మావాళ్లు
ఆ గిన్నె మీద తలలు పగలగొట్టుకుంటూనే ఉన్నారు,
తిప్పుతూనే ఉన్నారు.

ఇప్పుడది నా చేతికొచ్చింది, మా ఆయన పోయాక.
అవతలి ఊళ్లో కరెంటు మోటార్లు పడ్డాయి.
మోకాలి లోతు కారేజు చీలమండకు దిగింది.
నిరుడు మసీదు అరుగు మీద ఊరంతా కూర్చుంది.
దానిమ్మ తోట సగం ఎండిన ఇస్ఫందియార్
అందరికన్నా గట్టిగా అరిచాడు:
"నక్కల కోసం నా చెట్లు చంపుకోవాలా?"
ఇక ఆపేద్దామని చేతులెత్తారు.
నేనూ ఎత్తాను. అబద్ధమెందుకు.

ఆ గురువారం కన్ను మూతపడలేదు.
గిన్నెని చాదర్ కింద దాచుకుని
దొంగలా కాలవ దాకా వెళ్లాను.
తూము అప్పటికే ఎత్తి ఉంది.
గట్టు మీద ఇస్ఫందియార్,
చెప్పులు పక్కన విడిచి, కాళ్లు నీళ్లలో పెట్టి.
నా వైపు చూడకుండానే
"గిన్నె తెచ్చావా?
ఎంతసేపు వదలాలో తెలియక చస్తున్నా" అన్నాడు.

నీళ్లమీద పెట్టాను.
కాలవ ఎడారిలోకి పన్నెండడుగులు వెళ్లి
ఇసకలో ఇంకిపోయింది.
దూరంగా ఏదో మెసిలింది, నక్కో, గాలో.
గిన్నె మునిగింది.
తూము దించాలి.
కాసేపు ఇద్దరమూ లేవలేదు.